ఎనిమిది చెంబులు

కర్రల డిపో, తర్లగూడ దారి
6 ఫిబ్రవరి 1936

బామ్మర్దీ రామనర్సయ్యా,

నువ్వు జగదల్‌పూర్ ఆసుపత్రిలో కాంపౌండరుగా చేరి నాలుగేళ్లయింది. ఇన్నాళ్లకు నీ ఉద్యోగంతో నాకు పని పడింది.

పోయిన సోమవారం దుంగలకు గుర్తు సుత్తి కొట్టిస్తున్నాను. ఎడమ పక్క, పక్కటెముకల కింద ఎవరో కత్తి దించి తిప్పినట్టయింది. నొప్పి అక్కడ ఆగలేదు. నడుము మీదుగా గజ్జల్లోకి దిగింది. కూచుంటే నిలవదు, పడుకుంటే నిలవదు. పదిమంది కూలీల ముందు ఈ డిపో మునిషీ చెక్కపొట్టులో పడి దొర్లాడంటే నమ్ము. కబురు తెలిసి నీ చెల్లెలు సోమమ్మ ఇంటి నుంచి పరుగెత్తుకొచ్చింది. "ఏందయ్యా గట్ల మెలికలు తిరుగుతున్నవ్? పురుగుగిట్ల ముట్టిందా?" అని ఒళ్లంతా తడిమి చూసింది. సాయంత్రానికి మూత్రం ఎర్రగా, మాంసం కడిగిన నీళ్లలా వచ్చింది. అది చూసి ఆమె నాటువైద్యుణ్ణి పిలుచుకొచ్చింది.

అతన్ని ఇక్కడ వడ్డె అంటారు. కొండపిండి ఆకు కషాయం పోశాడు. నొప్పి తగ్గి మూడు రోజులైంది గాని మళ్లీ వస్తుందేమోనన్న భయం తగ్గలేదు. సోమమ్మ పొద్దున లేస్తే ఒకటే మాట: "అన్నకు రాయి. ఇయ్యాలనే రాయి. నువ్ రాయకుంటే నేనే నడుస్త జగదల్‌పూర్‌కు." ఆమె రాయి, రాయి అంటుంటే నాకు నవ్వొచ్చింది. లోపల ఉన్నది కూడా అదేనేమోనని వడ్డె అంటున్నాడు. డాక్టరుగారిని అడిగి ఏం చేయాలో తెలియజెయ్యి.

నీ బావ
కాశయ్య


జగదల్‌పూర్
24 ఫిబ్రవరి 1936

బావా,

నీ ఉత్తరం డాక్టరుగారికి హిందీలో చదివి వినిపించాను. సగం వినగానే, "మూత్రపిండంలో రాయి" అన్నారు. మీ వడ్డె చెప్పింది నిజమే.

ఆయన చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తాను. మనం తినేదాంట్లోని ఉప్పులు మూత్రంలో కరిగి బయటికి పోవాలి. కరగడానికి చాలినన్ని నీళ్లు లేకపోతే అవి అడుగున పేరుకుని ముందు ఇసుకలా, తరవాత రాయిలా గట్టిపడతాయి. ఆ రాయి కదిలితే నువ్వు చూసిన నొప్పి. ఎండలో పనిచేసి, చెమటంతా ఓడ్చి, దాహమైతే తప్ప నీళ్లు ముట్టని వాళ్లకు ఇది ఎక్కువగా వస్తుందట. నిన్ను చూసినట్టే చెప్పారు. పొద్దున ఒక చెంబు, రాత్రి ఒక చెంబు. నువ్వు అంతకుమించి తాగగా నేను చూడలేదు.

మందుకన్నా ముందు నీళ్లు. రోజుకు ఎనిమిది చెంబులు, తగ్గకూడదు. మూత్రం పచ్చగా ఉంటే చాలనట్టు, తేటగా నీళ్లలా ఉంటే చాలినట్టు. రెండు చెంబుల్లో నిమ్మకాయ పిండుకో. ఉలవకట్టు తాగవచ్చా అని అడిగితే డాక్టరుగారు నవ్వి, "తాగమను, అందులోనూ నీళ్లే కదా" అన్నారు. ఉప్పు సగం చెయ్యి. రాయి పడితే పారెయ్యకుండా నాకు పంపు.

నీ మాట మీద నాకు నమ్మకం లేదు. అందుకని నిన్ను సోమికి అప్పగిస్తున్నాను. ఈ ఉత్తరం ఆమెకు చదివి వినిపించు, ఒక్క ముక్క మింగకుండా. సోమీ, వింటున్నావా? ఈయన చెంబు దించేదాకా పక్కనుంచి కదలకు.

రామనర్సయ్య


కర్రల డిపో
28 మార్చి 1936

బామ్మర్దీ,

ఇందులో కాగితం పొట్లం ఉంది, జాగ్రత్తగా విప్పు. మిరియపు గింజంత లేదు గాని పదకొండో తారీఖున అది పడేటప్పుడు నాకు మా అమ్మ, నాయన ఇద్దరూ కనిపించారు. పడ్డాక మాత్రం ప్రాణం హాయిగా ఉంది. సోమమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసి, "గింత దానికేనా గంత లొల్లి చేసినవ్?" అని నవ్వింది. అప్పుడే ఏడ్చింది కూడా.

నన్ను మంచి జమాదారు చేతిలో పెట్టావు. గూట్లో ఎనిమిది చింతగింజలు పెట్టింది. నేను ఒక చెంబు తాగితే ఒక గింజ పక్కకు జరుపుతుంది. డిపోకు కుండ పంపిస్తుంది. సాయంత్రం ఇంటికి రాగానే ముందు నా మొహం కాదు, ఖాళీ కుండ చూస్తుంది.

హోలీ దాటగానే ఇక్కడి బావి అడుగంటింది. ఇప్పుడు ఆడవాళ్లంతా వాగుకు పోతున్నారు. ఇసుకలో చెలమ తీసి ఊరిన నీళ్లు తోడి తెస్తారు. సోమమ్మకు తోడు గంగే అని పక్క గుడిసెలో దొర్ల తెగ ఆడమనిషి ఉంది. ఇద్దరూ పొద్దు పొడవకముందే పోతారు. ఆ చెలమ నీళ్ల రుచి ఏమని చెప్పను! బావి నీళ్లలా చప్పగా ఉండవు. ఎనిమిది చెంబులు ఇప్పుడు నాకు కష్టమే అనిపించడం లేదు.

నీ చెల్లెలు అన్నది అన్నట్టు రాయమంది: "అన్నా, నీ బావ మంచిగున్నడు. నువ్ చెప్పినయన్నీ చేస్తున్న."

కాశయ్య


జగదల్‌పూర్
19 ఏప్రిల్ 1936

బావా,

పొట్లం అందింది. డాక్టరుగారు నీ రాయిని భూతద్దం కింద పెట్టి నాకూ చూపించారు. ఒళ్లంతా ముళ్లు, ఎండిన పల్లేరుకాయలా ఉంది. అది నీ లోపల నుంచి జారిందంటే నువ్వు దొర్లడంలో తప్పు లేదు.

ఇలాంటి రాయి పడినవాళ్లు కొన్ని ఆకుకూరలకు దూరంగా ఉండాలట. పుంటికూర, చుక్కకూర, తోటకూర మానెయ్యి. పుంటికూర లేకుండా నీకు ముద్ద దిగదని తెలుసు, అయినా మానాలి. ఎండుచేపలు, ఉప్పు వేసిన మాంసం తగ్గించు. మజ్జిగ తాగవచ్చు. సొర, బీర, గుమ్మడి తినవచ్చు. ఒకసారి పడినవాళ్లకు మళ్లీ పడడం మామూలేనట. ఎండలు ముదురుతున్నాయి కాబట్టి ఈ రెండు నెలలు ఎనిమిది కాదు, పది చెంబులు తాగు.

సోమీ, ఇంకో రెండు గింజలు చేర్చు. నువ్వు లేకపోతే ఈ మనిషి ఏమయ్యేవాడో! డాక్టరుగారితో నీ గింజల సంగతి చెప్పాను. "ఆ అమ్మాయిని మన వార్డుకు తీసుకురా, నర్సు ఉద్యోగమిస్తా" అన్నారు.

రామనర్సయ్య


కర్రల డిపో
24 మే 1936

బామ్మర్దీ,

నేను కులాసా. ఒళ్లు కూడా చేశానని అందరూ అంటున్నారు. రాయి పడ్డాక ఈ రెండున్నర నెలల్లో మళ్లీ నొప్పి పేరు లేదు.

ఇంట్లో ఉన్నది ఇద్దరమే గాని వంట రెండు రకాలైంది. నాకు సొరకాయ, మజ్జిగ. వర్షాలకని ఎండబెట్టిన పుంటికూర, ఎండుచేపలు కుండలనిండా ఉన్నాయి కదా. అవి పారబొయ్యడానికి నీ చెల్లెలికి చేతులు రావు. "నువ్ తినకపోతే నేను తింటలేనా?" అని అంబలిలోకి రోజూ అవే నంజుకుంటోంది. వాసన వస్తుంటే నాకు నోరూరుతుంది. నన్ను పక్క గదిలోకి తరుముతుంది.

ఆమె కాస్త చిక్కింది. ఈ ఎండలకు ఎవరు చిక్కరు? వారం కింద నడుము పట్టేసిందని ఒక పూటంతా గోడకు ఆనుకుని కూచుంది. నేను అడిగితే, "కుండ ఎత్తేటప్పుడు కలుక్కుమన్నది, నీకెందుకు, నువ్ తాగు" అంది. మరునాడు మామూలుగానే నీళ్లకు పోయింది. మా పెదనాన్న మనవరాలి పెళ్లికి చెర్లకు పోదామంటే మాత్రం రానంది. బండిలో అంతసేపు కూచోలేనంది. పెళ్లంటే పది రోజుల ముందు నుంచే ఎగిరే మనిషి. ఒక్కణ్ణే పోయొచ్చాను.

చెలమలో నీళ్లు బాగా కిందికి దిగాయి. వానలు పడితే గాని అందరికీ ఊపిరాడదు.

కాశయ్య


జగదల్‌పూర్
14 జూన్ 1936

బావా,

నీ ఉత్తరం నిన్న అందింది. మొదట చదివినప్పుడు నవ్వుకుని మడిచి జేబులో పెట్టుకున్నాను. మధ్యాహ్నం మందులు కలుపుతుంటే ఎందుకో మనసు ఊరుకోలేదు. మళ్లీ తీసి చదివాను.

సోమికి నడుము నొప్పి ఏ పక్కన? వెనక మధ్యలోనా, ఒక పక్క పక్కటెముకల కిందనా? కిందికి దిగిందా? రోజుకు ఎన్ని చెంబులు తాగుతోంది? మూత్రం ఏ రంగులో ఉంది? ఈ మాటలు అన్న అడిగేవి కావు, మొగుడు కూడా అడగడు. అయినా అడుగు. సిగ్గుపడితే గంగే చేత అడిగించు. పుంటికూర, ఎండుచేపలు వెంటనే ఆపించు. నీతోపాటు ఆమె కూడా అన్ని నీళ్లూ తాగాలి.

జ్వరం గాని, చలి గాని ఉందంటే నా జవాబు కోసం చూడకు. బండి కట్టించి గోదావరి అవతల మిషన్ ఆసుపత్రికి తీసుకుపో. జగదల్‌పూర్ దూరం, అది దగ్గర. నేను అనవసరంగా భయపడుతున్నానని రెండు ముక్కలు రాసి పంపు, చాలు.

రామనర్సయ్య


కర్రల డిపో
9 జూలై 1936

రామనర్సయ్యా,

సోమమ్మ లేదు.

జూన్ ఇరవై ఏడో తారీఖు శనివారం, పొద్దు తిరిగినాక పోయింది. నీ పద్నాలుగో తారీఖు ఉత్తరం వానలకు ఎక్కడో ఆగి, ఆమె పోయిన పదో రోజున వచ్చింది. చదువుకున్నాను. నువ్వు అడిగినవన్నీ అప్పటికి నాకు తెలుసు. జవాబులు రాస్తున్నాను.

ఎడమ పక్కన కాదు, కుడి పక్కన. పక్కటెముకల కింద. కిందికి దిగింది. ఏప్రిల్ నుంచీ ఉంది. నాలుగుసార్లు ఎర్రగా పోయిందని గంగే చెప్పింది. సోమమ్మ నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు.

ఇరవై రెండున తొలి వాన పడింది. ఆ రోజు చలిజ్వరం వచ్చింది. రెండు గొంగళ్లు కప్పినా పళ్లు కొట్టుకుంటున్నాయి. వానలో తడిసిందనుకున్నాను. మరునాడు గంగే వచ్చి, ఆమె పక్కన కూచుని ఏదో అడిగి, లేచి నా మీద అరిచింది: "మునిషీ, నీ పెండ్లానికి రెండు దినాల నుంచి ఒంటికి రాలే. నువ్వెట్ల చూస్తలేవు?" అప్పుడు బండి కట్టించాను.

తర్లగూడ ఇంకా కోసెడు ఉందనగా వాగు పోటెత్తి అడ్డం వచ్చింది. ఎడ్లు దిగలేదు. ఒడ్డు మీద మూడు రోజులున్నాం. ఆమె దాహం, దాహం అంది. చుట్టూ కంటికి అందినంత మేర నీళ్లే, ఆమె గొంతులో మాత్రం ఒక గుక్క నిలవలేదు, వచ్చింది వచ్చినట్టు కక్కేసింది. చివరి రోజు జ్వరంలో నన్ను గుర్తుపట్టి, "ఇయ్యాల తాగినవా?" అంది. తాగానని చెప్పాను. అబద్ధం చెప్పాను.

ఆ ఒడ్డునే మట్టి చేశాం.

కాశయ్య


జగదల్‌పూర్
2 ఆగస్టు 1936

నిన్ను ఏమని పిలవాలో తెలియక ఈ కాగితం మూడు రోజులు ఖాళీగా ఉంచాను.

నువ్వు ఇంట్లోనే ఉన్నావు. ఒకే కప్పు కింద ఉన్నావు. నీకు వచ్చిన నొప్పే ఆమెకూ వచ్చింది. ఆ నొప్పి ఎలా ఉంటుందో నాకు తెలియదు, నీకు తెలుసు. గోడకు ఆనుకుని ఒక పూట కూచుందని రాశావు. ఆ కూచున్న తీరు చూసి కూడా నీకు తెలియలేదా? పెళ్లికి రానంటే, ఎందుకే సోమీ అని ఒక్కమాట గట్టిగా అడగలేకపోయావా? ఒళ్లు చేశానని రాశావు. ఎలా చేశావు?

మా అమ్మ చనిపోయేటప్పుడు సోమికి ఆరేళ్లు. నా చేతిలో పెట్టి పోయింది. నేను నీ చేతిలో పెట్టాను.

ఇంకేం రాయను.

రామనర్సయ్య


కర్రల డిపో
11 సెప్టెంబరు 1936

రామనర్సయ్యా,

నువ్వు రాసినదాంట్లో అబద్ధం లేదు. నువ్వు రాయనిది నేను రాస్తాను.

దినాలయ్యాక గంగేను పిలిచి, ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పమన్నాను. చెప్పనంది. మూడోసారి అడిగితే చెప్పింది. ఆమె మాటలే రాస్తున్నాను.

"పొద్దున ఒక కుండ ఇంటికి, ఒక కుండ ఆవుకు, ఇంకో కుండ నీకు. నీ కుండ కోసం మళ్లొక్కసారి నడిచేది. చెలమల చిప్పెడు ఊరేదాక కూసోవాలె. వెనక పదిమంది ఆడోళ్లు నిలబడతరు. అంతసేపు కూసోని తోడిన నీళ్లు ఎవరైనా ఆడనే తాగుతరా? నేను తాగమంటే, 'ఇంటికి పోయి తాగుత' అనేది. ఇంటికి పోతే, 'ఇప్పుడు తాగితే బయటికి పోవాల్సొస్తది, డిపో నిండ మొగోళ్లు, పొద్దు గూకినంక తాగుత' అనేది. 'నొస్తందని మీ అన్నకు రాపియ్యరాదు' అని నేనన్న. 'రాస్తే మా అన్న నన్ను గూడ పది చెంబులు తాగమంటడు. ఆ కుండ ఎవరు మోస్తరే గంగే?' అన్నది."

ఇంతవరకు గంగే చెప్పింది. ఇకనుంచి నేను చెప్పేది. దీన్ని ఎవరికీ చెప్పలేదు.

డిపోలో దుంగలు లాగే దున్నపోతులు పన్నెండున్నాయి. వాటికోసం పీపా బండి ఉంది. వేసవి అంతా అది రోజూ పొద్దున అదే వాగుకు పోయి, దూరాన దిగువ మడుగులో పీపా నింపుకుని వచ్చేది. పంపించేవాణ్ణి నేనే. అది సర్కారు బండి, సర్కారు దున్నపోతుల నీళ్లు. ఒక కుండ నా ఇంట్లో దింపించినా అడిగేవాడు లేడు. అడిగినా, దాని ఖరీదు కట్టేవాణ్ణి. నేను నీతిగల మునిషీనని ఈ దారి పొడుగునా పేరుంది. ఆ పేరు కోసం దింపించలేదని చెప్పుకుంటే కాస్త గౌరవంగా ఉంటుంది. అదీ నిజం కాదు. నాకు తోచనే లేదు. ఆ బండి నీళ్లతో నా కళ్ల ముందు నుంచి పోతుంటే, దాని వెనకాల నీ చెల్లెలు కుండతో నడుచుకుంటూ వస్తుంటే, రెండూ కలిపి చూడాలని నాకు ఒక్కరోజు కూడా తోచలేదు.

ఇప్పుడు బావి నిండా నీళ్లున్నాయి. నేను తాగడం మానేశాను. దసరా లోపల ఆ నొప్పి మళ్లీ వస్తుంది. రానీ.

కాశయ్య


జగదల్‌పూర్
4 అక్టోబరు 1936

బావా,

నీ ఉత్తరం చదివి ఆసుపత్రి వెనక మెట్ల మీద కూచున్నాను. డాక్టరుగారు వచ్చి ఏమైందంటే, కాగితం ఆయనకు ఇచ్చాను. ఆయనకు తెలుగు చదవడం రాదు. హిందీలో చెప్పాను. ఆయన వింటూ నా పక్కనే మెట్టు మీద కూచున్నారు. తరవాత, "ఎన్ని చెంబులు తాగాలో మనం చెప్పాం. నీళ్లెంత దూరమో అడగలేదు" అన్నారు. 'మనం' అనడం ఆయన మంచితనం. అడగవలసినవాణ్ణి నేను. ఆ దారి నాకు తెలుసు. ఎండాకాలంలో ఆ బావి ఎండుతుందని తెలుసు. చెలమ నీళ్లు రుచిగా ఉన్నాయని నువ్వు రాస్తే, పైన ఇంకో రెండు చెంబులు తాగమని రాశాను. గింజలు చేర్చమని నా చెల్లెలికే చెప్పాను.

ఆగస్టులో నీకు అలా రాసినప్పుడు, ఆ మాటలన్నీ నన్ను నేను అనలేక నిన్ను అన్నాను. మరచిపొమ్మని అడగను.

కాని నీళ్లు మానకు. నన్ను చూసి కాదు. ఆమె నాలుగు నెలలు తన ఒంటి నీరు పిండి నీకు పోసింది. నువ్విప్పుడు నొప్పితో పడి చస్తే, ఆమె మోసిన మోతంతా ఇసుకలో పోసినట్టే. అలా చేసే హక్కు నీకు లేదు. నాకు చెల్లెలు లేదు. బావ ఉన్నాడు. ఉండాలి.

రామనర్సయ్య


కర్రల డిపో
21 మార్చి 1937

బామ్మర్దీ,

నీ ఉత్తరానికి అయిదు నెలలుగా జవాబు రాయలేదు. నువ్వు చెప్పినట్టు తాగుతున్నాను గాని, తాగుతున్నానని రాయడానికి మనసొప్పలేదు.

పోయిన వారం బావి అడుగంటింది. రేంజరుగారితో మాట్లాడాను. ఇకమీద పీపా బండి పొద్దున రెండుసార్లు పోతుంది. ఒక పీపా దున్నపోతులకు, ఒక పీపా గుడిసెలకు. సర్కారు ఒప్పుకోకపోతే మునిషీ పని వదులుకుంటానన్నాను. ఆయన నా మొహం చూసి సరేనన్నాడు. ఇంత తేలిగ్గా సరేనంటాడని నాకు తెలియదు. ఆ తేలికతనం చూసి ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

నా నీళ్లు మాత్రం బండిలో తెప్పించుకోను. కావడి కట్టుకుని నేనే పోతున్నాను. మొదటి రోజు నన్ను చూసి కూలీలు నవ్వారు. ఆ దారి ఇన్నేళ్లలో ఎప్పుడూ నడవలేదు. అరకోసు అంటారు గాని, వచ్చేటప్పుడు ఎత్తు ఎక్కాలి. మోకాళ్ల మీద వంగి చిప్పతో తోడాలి. రెండు చిప్పలు తోడగానే అడుగున ఇసుక తేలుతుంది. మళ్లీ ఊరేదాకా చూస్తూ కూచోవాలి. అక్కడ కూచుని ఏం చేస్తారో నాకు తెలియదు. నేను ఆమెను తలుచుకుంటూ కూచున్నాను. ఇంట్లో పదకొండేళ్లు ఉన్న మనిషి రోజులో ఇంతసేపు ఎక్కడుండేదో నాకు ఇప్పుడు తెలిసింది.

సగం దారిలోనే ఒక కుండ ఒలికిపోయింది. గంగే వెనకనుంచి వస్తోంది. నవ్వలేదు. కావడి దింపమంది. మిగిలిన కుండలోంచి సగం రెండోదాంట్లోకి ఒంచి, రెండువైపులా సమం చేసి, నా భుజం మీద పెట్టింది.

"గట్ల ఊగుతూ నడవకు, మునిషీ. మెల్లగ అడుగెయ్యి" అంది. రెండడుగులు వేసి మళ్లీ ఆగింది. "ఇంకా దూరముంది. ముందు నువ్వో గుక్క తాగు."

దారిలోనే నిలబడి తాగాను.

నీ బావ
కాశయ్య